అన్‌లిమిటెడ్ భోజనం: లిమిటంతా గడప దగ్గరే

"ఫుల్ మీల్స్ హోటల్లో దండిగా తింటే హోటల్ వాడికి నష్టం, కొంచెం తిని లేస్తే మనకి నష్టం." ఈ మాట మన దగ్గర చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకంతోనే పొద్దున టిఫిన్ మానేసి మధ్యాహ్నం బఫేకి వెళ్ళేవాళ్ళున్నారు. "అన్నంతో కడుపు నింపుకోకండి, ముందు ఖరీదైనవి తినండి" అని పిల్లల్ని హెచ్చరించే తల్లిదండ్రులున్నారు. ఇంకో రకం వాళ్ళు దీనికి పూర్తి ఎదురు: తిన్నంత పెడుతున్నాడంటే అందులో నాణ్యత ఉండదు, మిగిలిపోయినవే కలిపి పెడతాడు అంటారు.

దేవుడి మీద, దెయ్యం మీద ప్రశ్నలు వేసే మనం కంచం మీద కూడా ఓ ప్రశ్న వేయొచ్చు. తిన్నంత పెట్టే భోజనం గిట్టుబాటేనా? అందులో నాణ్యతని ఎలా నిర్ణయించాలి? నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి ముందు లెక్క చూద్దాం, తర్వాత చరిత్ర చూద్దాం. లెక్క తేలిగ్గానే తేలుతుంది. చరిత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మనం అడుగుతున్న ప్రశ్నలో ఒక ముఖ్యమైన పద్దు రాయనే లేదని తెలుస్తుంది.

ముందు లెక్క

ఒక హోటల్ ఉందనుకుందాం. భోజనం 100 రూపాయలు. రోజుకి 100 మంది వస్తారు. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలే, ఏ హోటలువీ కావు. అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు కలిపి రోజుకి 5,500 రూపాయలు. ఎవరెంత తిన్నా ఇవి మారవు. ఇక సరుకులు. 30 మంది తక్కువ తింటారు, వాళ్ళకి తలా 20 రూపాయల సరుకు పడుతుంది. 60 మంది మామూలుగా తింటారు, తలా 30. మిగిలిన 10 మంది భోజనప్రియులు, తలా 45. సరుకుల ఖర్చు 600, 1,800, 450 కలిపితే 2,850. వచ్చింది 10,000, పోయింది 8,350, మిగిలింది 1,650.

ఇప్పుడు ఆ పదిమంది సంగతి చూడండి. ఒక్కొక్కరి వాటాకి స్థిరఖర్చు 55, సరుకు 45. సరిగ్గా 100. హోటల్ వాణ్ణి ముంచేద్దామని నడుం కట్టిన భీములు కూడా వాణ్ణి ముంచలేకపోయారు. వాళ్ళ దగ్గర లాభం రాలేదు, అంతే. ఎందుకంటే తిన్నంత పెట్టేది అన్నం, పప్పు, సాంబారు, చారు, మజ్జిగ. స్వీటు ఒక్కసారే వస్తుంది. కూర గరిటె చిన్నది. మారు అడిగితే ముందుగా వచ్చేది సాంబారు బక్కెట్టే. బఫేల్లో అయితే గుమ్మంలోనే సూపు, దాని పక్కన పచ్చి కూరముక్కలు, ఖరీదైనవి వరస చివర్లో. కంచం కూడా చిన్నదే ఇస్తారు.

సైన్యంలోనూ ఇదే సూత్రం. మనిషికి రోజుకి బియ్యం ఇంత, పప్పు ఇంత, నూనె ఇంత అని స్కేలు ఉంటుంది. యూనిట్లో ఎన్ని తలలుంటే అంత సరుకు ఇస్తారు. అక్కడి వంటశాలని లంగరు అంటారు. ఆ లంగరులో ఒక జవాను ఎక్కువ తింటాడు, ఇంకొకడు తక్కువ తింటాడు. ఎవరి కంచాన్నీ తూచరు. లెక్క సగటు మీద నిలబడుతుంది, ఏళ్ళ తరబడి నిలబడింది.

ఈ సగటు సూత్రాన్ని పెద్ద వ్యాపారంగా మలిచింది అమెరికా. లాస్ వేగాస్ ఊళ్ళో 1941లో ఎల్ రాంచో వేగాస్ అనే హోటలు, దాంతోపాటు జూదశాల మొదలయ్యాయి. ఆ దశకంలోనే అక్కడ డాలరు, డాలరున్నరలోపు ధరకి తిన్నంత తినే బఫే పెట్టారు. భోజనం మీద లాభం వాళ్ళకి అక్కర్లేదు. ఆకలేసిన జూదగాడు బయటికి పోకుండా ఉంటే చాలు. వంటింట్లో పోయింది జూదం బల్ల మీద తిరిగొచ్చేది. జపాన్‌లో 1958లో టోక్యో ఇంపీరియల్ హోటల్ స్కాండినేవియా దేశాల విందు పద్ధతి చూసి అలాంటిదే మొదలుపెట్టి దానికి వైకింగ్ అని పేరు పెట్టింది. జపాన్ వాళ్ళు ఇప్పటికీ బఫేని వైకింగ్ అనే అంటారు. మన దేశంలో 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్ ఈ పద్ధతి మీదే ఊరూరా హోటళ్ళు తెరిచి 2021లో షేర్ మార్కెట్ కెక్కింది. తినేవాళ్ళు హోటల్ని ఓడించగలిగితే ఇదంతా జరిగేది కాదు.

కాబట్టి మొదటి మూఢనమ్మకం సంగతి తేలిపోయింది. అన్‌లిమిటెడ్ అనే బోర్డు దానగుణం కాదు, మోసమూ కాదు. అది సగటు లెక్క. తినేవాడికి, పెట్టేవాడికి మధ్య యుద్ధం ఏమీ లేదు.

అయితే లాస్ వేగాస్ కథలో ఇంకో సగం ఉంది. ఆ బఫేలో లిమిటు లేనిది తిండికే, మనిషికి ఉంది. ఆ వీధిలోని హోటళ్ళు నల్లవాళ్ళని అతిథులుగా రానిచ్చేవి కావు. పేరుమోసిన నల్లజాతి గాయకులు వేదిక మీద పాడి, డబ్బు పుచ్చుకుని, తిండికీ పడకకీ ఊరికి పడమటి వైపున్న తమ వాడకి పోవాల్సి వచ్చేది. ఊరేగింపు తీస్తామని నల్లవారి హక్కుల సంఘం హెచ్చరించాక, 1960 మార్చిలో గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో ఊళ్ళో నలుగురు నల్ల విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకే కేటాయించిన భోజనపు బల్ల దగ్గర కూర్చుని, లేవమంటే లేవలేదు. దేశమంతటా హోటళ్ళలో రంగు భేదాన్ని నిషేధించే చట్టం 1964లో వచ్చింది.

చేతిలో డాలరు ఉండి కూడా గడప దాటలేని మనిషికి ఆ భోజనం విలువ ఎంత? సున్నా. విలువ లెక్క కట్టేటప్పుడు లోపల కూర్చున్నవాళ్ళనే లెక్కపెట్టి ఈ సున్నాలని వదిలేస్తే సగటు తప్పుతుంది. నేను రాయలేదన్న పద్దు ఇదే. మన దేశం లెక్కలో ఇలాంటి సున్నాలు ఎన్నున్నాయో ఇప్పుడు చూద్దాం.

ఓరుగల్లు రూక

ఒక ధర కట్టి పూర్తి భోజనం పెట్టడం మనకి ఉడుపి వాళ్ళు నేర్పింది కాదు, ఇంగ్లీషు వాళ్ళు నేర్పింది అసలే కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే వండిన అన్నం అమ్మేవాళ్ళ ప్రస్తావన ఉంది. తెలుగులో అయితే క్రీడాభిరామం ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే ఆ కావ్యం. అందులో ఒక పూటకూళ్ళ ఇల్లు వస్తుంది. సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డ పెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక. ధర ఒకటే, వంటకాల జాబితా ఎదురుగా ఉంది. ఈనాటి మీల్స్ బోర్డుకి ఇది ముత్తాత.

పూటకూళ్ళ ఇల్లు అంటే వండేది బ్రాహ్మణులే అన్నది అప్పటి మాట. అన్నం అమ్ముకోవడం పాపమని శాస్త్రం చెబుతుంటే ఈ వ్యాపారం ఎలా నడిచింది? బతుకుతెరువు వేరే లేని వాళ్ళ మీద నడిచింది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ విధవ. 1892లో మొదట ఆడిన ఆ నాటకాన్ని చూసినవాళ్ళకి ఆ పాత్ర కొత్త కాదు, అలాంటి ఆడవాళ్ళు ఊరూరా ఉండేవాళ్ళు. ఆ విధవరాలు దారిలో ఎదురొస్తే అపశకునం అన్న సమాజమే ఆవిడ వండిన అన్నం రెండు పూటలా తిన్నది. మడి అనేదానికి తర్కం లేదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక ఆ గడప ఎవరు దాటగలిగారు? పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది కులం నిర్ణయించింది. రూక ఎవరి చేతిలో ఉన్నా రూకే, కాని గడప దగ్గర చూసింది రూకని కాదు, చేతిని.

బోర్డు మీద కులం

రైళ్ళు వచ్చాక ఈ ఏర్పాటుకి మొదటి దెబ్బ తగిలింది. రైలు పెట్టెలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పలేం. కాని స్టేషన్లో దిగగానే పాత పద్ధతి మళ్ళీ ఎదురయ్యేది. ఉత్తరాదిన హిందూ నీళ్ళు వేరు, ముస్లిం నీళ్ళు వేరు. మద్రాసు రాష్ట్రంలో స్టేషన్ ఫలహారశాలల్లో బ్రాహ్మణులకి వేరే చోటు, మిగతావాళ్ళకి వేరే చోటు. పట్నాల్లో వెలిసిన కాఫీ హోటళ్ళకి బ్రాహ్మణ కాఫీ హోటల్ అని బోర్డులు పెట్టారు. పంచములకి ప్రవేశం లేదని రాసిన హోటళ్ళూ ఉండేవి.

ఈ హోటళ్ళు చెడ్డ భోజనం పెట్టాయని నేననడం లేదు. ఉడుపి ప్రాంతం నుంచి చేతిలో చిల్లిగవ్వ లేకుండా వలస వచ్చిన కుర్రాళ్ళు గిన్నెలు కడిగి, వంట నేర్చుకుని, పెద్ద సంస్థలు కట్టారు. మద్రాసులో కె. కృష్ణారావు 1930 దశకంలో వుడ్‌ల్యాండ్స్ మొదలుపెట్టారు. ముంబై మాటుంగాలో రామ నాయక్ 1942లో తెరిచిన బోర్డింగులో అరిటాకు మీద తిన్నంత పెట్టే భోజనం ఇప్పటికీ పేరున్నదే. ఇంటికి దూరమైన గుమాస్తాలకీ విద్యార్థులకీ ఈ హోటళ్ళు చేసిన మేలు తక్కువది కాదు.

నా అభ్యంతరం బోర్డు మీద. ఆ రోజుల్లో తినేవాడు వంటింట్లోకి తొంగి చూడలేడు. నూనె మంచిదో కాదో, నీళ్ళు ఎక్కడివో తెలియదు. ఆ తెలియనితనాన్ని పూడ్చడానికి వండేవాడి కులాన్ని నాణ్యతకి గుర్తుగా వాడుకున్నారు. ఇప్పుడు మనం ప్యాకెట్ మీద ముద్ర చూసినట్టు అప్పుడు బోర్డు మీద కులం చూశారు. కలరా క్రిమి గోత్రం అడగదు. 1883లో రాబర్ట్ కోఖ్ దాన్ని పట్టుకున్నాక శుభ్రత అంటే ఏమిటో లోకానికి తెలిసింది. నీళ్ళు కాచారా, చేతులు కడిగారా, ఈగలు వాలాయా అని చూడాలి. బోర్డులు మాత్రం ఇంకో డెబ్భై ఏళ్ళు అలాగే ఉన్నాయి. ఎందుకంటే ఆ బోర్డు చెప్పింది శుభ్రత గురించి కాదు, అంతస్తు గురించి.

తినడమే పరీక్ష

కులం నిలిచింది రెండు కాళ్ళ మీద, ఒకటి పెళ్ళి, రెండోది పంక్తి. అందుకే మన సంస్కర్తల చరిత్రంతా భోజనాల చుట్టూ తిరుగుతుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఆ ఇంటికి రావడం మానేశారు. పెళ్ళికి వెళ్ళి భోంచేసినవాళ్ళని వెలి వేశారు. కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ కులంలో కలిశారు. పక్కన కూర్చుని అన్నం తినడం అంత పెద్ద నేరం.

1917లో కేరళలోని చెరాయి గ్రామంలో సహోదరన్ అయ్యప్పన్ మిశ్రభోజనం పెట్టాడు. ఆయన ఈళవ కులస్థుడు. ఆ కులం కూడా పై కులాల చేత అవమానాలు పడుతున్నదే. అయినా తమకంటే కింద అనుకున్న పులయలతో కలిసి తిన్నందుకు సొంత కులం వాళ్ళే ఆయన్ని వెలి వేశారు, పులయన్ అయ్యప్పన్ అని ఎగతాళి చేశారు. ఆ పేరే తనకి గౌరవమని ఆయన స్వీకరించాడు. 1929 నుంచి వెలువడిన యుక్తివాది పత్రికకి సంపాదకుడైన అయ్యప్పన్ ఈయనే. మన హేతువాద ఉద్యమం మొదలైంది పుస్తకాల్లో కాదు, పంక్తిలో అని గుర్తుంచుకోవాలి.

మన కృష్ణా జిల్లాలో గోరా చేసిందీ ఇదే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన ఆయన నెలకోసారి సహపంక్తి భోజనాలు నడిపారు. నాస్తికత్వం మీద ఉపన్యాసం వినడానికి వచ్చేవాళ్ళలో భోజనానికి ఆగేవాళ్ళు ఎందరో చూస్తే, ఎవరి మాట ఎంత నిజమో అక్కడే తేలేది.

ఇవి సొంత ఖర్చుతో పెట్టుకున్న భోజనాలు. డబ్బు పెట్టి కొనుక్కునే భోజనం సంగతి ఎలా ఉండేదో అంబేడ్కర్ తన అనుభవంగా రాశారు. 1917లో కొలంబియా విశ్వవిద్యాలయంలో, లండన్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన ఆ మనిషికి ఆ ఊళ్ళో ఏ హిందూ హోటలూ చోటివ్వదు. చివరికి ఒక పార్సీ వసతి గృహంలో పార్సీ పేరు పెట్టుకుని, భోజనంతో కలిపి రోజుకి రూపాయిన్నర ఇచ్చి ఉన్నారు. కొద్ది రోజులకే సంగతి తెలిసి, కర్రలతో వచ్చిన గుంపు ఆయన్ని వెళ్ళగొట్టింది. రూపాయిన్నర ఇవ్వగలడు, ఇస్తున్నాడు కూడా. లెక్క ప్రకారం ఆయన మంచి ఖాతాదారు. అయినా సున్నాయే.

1955 జూన్ 1

మార్పు ఒక్క రోజులో రాలేదు. పెరియార్, ఆయన అనుచరులు చేసిన ఆందోళన తర్వాత 1941లో మద్రాసు రాష్ట్రం రైల్వే ఫలహారశాలల్లో బ్రాహ్మణులకి వేరే చోటు తీసేశారు. ఆజాద్ హింద్ ఫౌజులో అన్ని మతాల, కులాల సైనికులకి ఒకే వంటశాల పెట్టారు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలని, హోటళ్ళని పేరు పెట్టి మరీ చెప్పింది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ వాటిలోకి రానివ్వకుండా చేయకూడదంది. ప్రాథమిక హక్కుల్లో హోటల్ ప్రస్తావన ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, పైన చెప్పిన బరోడా సంగతి మళ్ళీ చదవండి.

తర్వాత రెండు చట్టాలొచ్చాయి. ఒకటి 1954లో చేసిన ఆహార కల్తీ నిరోధక చట్టం. రెండోది 1955లో చేసిన అస్పృశ్యత నేరాల చట్టం. రెండోది హోటల్లోకి రానివ్వకపోవడాన్నే కాదు, అందరి కోసం ఉంచిన గిన్నెలు, గ్లాసులు వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరం చేసింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. ఈ రెండు చట్టాలూ అమల్లోకి వచ్చిన రోజు ఒక్కటే: 1955 జూన్ 1.

ఇది కాకతాళీయమే కావచ్చు. కాని మన భోజనం చరిత్రలో ఇంత ముఖ్యమైన తేదీ నాకు ఇంకోటి కనపడలేదు. మొదటి చట్టం గిన్నెలో ఏముందో అడగమంది. రెండో చట్టం తినేవాడు ఎవరో అడగొద్దంది. అంతవరకు మనం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా నడుచుకున్నాం. తినేవాణ్ణి నిలదీశాం, గిన్నెని నమ్మేశాం.

చట్టం వచ్చినా బోర్డులు వెంటనే పోలేదు. 1957లో మద్రాసు తిరువళ్ళిక్కేణిలో మురళీ కేఫ్ బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసేయాలని పెరియార్ ఆందోళన మొదలుపెట్టారు. "లోపలికి అందర్నీ రానిస్తున్నారు కదా, బోర్డు మీద ఏముంటే మీకేం?" అని అడిగినవాళ్ళున్నారు. ఒకడు బ్రాహ్మణుడని బోర్డు కడితే మిగతావాళ్ళు శూద్రులని చెప్పినట్టే కదా అన్నది ఆయన వాదన. నెలల తరబడి రోజూ కార్యకర్తలు వెళ్ళి అరెస్టయ్యారు. చివరికి ఆ మాట తీసేశారు. ఆ మర్నాడు ఆ కాఫీ రుచి మారిందని ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

మరి నాణ్యత సంగతి?

నాణ్యత దేన్నిబట్టి ఉంటుందన్న ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. తిన్నంత పెట్టే చోట నాణ్యత పడిపోవడానికి అసలు కారణం పరిమాణం కాదు, ధరకి ఖర్చుకి పొంతన లేకపోవడం. దీనికి తెలిసిన ఉదాహరణ ఎమర్జెన్సీ. 1975 తర్వాత హోటల్ తినుబండారాల ధరల్ని ప్రభుత్వం బాగా తగ్గించి కట్టడి చేసినప్పుడు, 1924 నుంచి నడుస్తున్న బెంగళూరు ఎంటీఆర్ ఆ ధరలకి తన ప్రమాణాలు నిలుపుకోవడం కష్టమై, వంట పొడుల ప్యాకెట్ల వ్యాపారం వైపు మళ్ళింది. నూనె, బియ్యం నాసిరకం వాడితే ఆ ధరకి గిట్టుబాటవుతుంది. అలా చేయకూడదనుకుంటే వేరే దారి చూసుకోవాలి. కింద గీత గీసి కూడితే ఎక్కడో ఒకచోట తేడా బయటపడాల్సిందే.

అందుచేత తిన్నంత పెట్టే హోటల్లో నేను చూసేవి మూడు. జనం రద్దీగా ఉందా? ఉంటే గుండిగ ఖాళీ అవుతుంది, మళ్ళీ వండుతారు, నిలవ ఉండదు. ధర నమ్మేలా ఉందా? మరీ తక్కువైతే ఆ తేడా నూనెలో ఉంటుంది. అందరికీ ఒకే గుండిగలోంచి వడ్డిస్తున్నారా? ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. నిలదీయగలిగినవాడూ నిలదీయలేనివాడూ ఒకే గుండిగలోంచి తింటే, మొదటివాడి ఫిర్యాదు రెండోవాడికి కూడా మేలు చేస్తుంది. గుండిగలు వేరైన చోట రెండోవాడి గుండిగ గురించి అడిగేవాడు ఉండడు. సమానత్వం నీతి పాఠమే కాదు, నాణ్యతకి అది కాపలా కూడా.

ఒక మిత్రుడి ఆక్షేపణ ఇక్కడ చెప్పాలి. "కులం గడప పోయింది సరే, ఇప్పుడు డబ్బు గడప వచ్చింది కదా? బఫే ధర ఇవ్వలేని కూలీకి ఇదీ సున్నాయే" అన్నాడాయన. నిజమే. అందుకే 2013లో చెన్నైలో మొదలైన అమ్మ ఉణవగం లాంటివి, మన రాష్ట్రాల్లో 5 రూపాయల భోజనం లాంటివి కావాలి. సిక్కుల గురుద్వారాల్లో డబ్బు గాని, కులం గాని అడగకుండా ఒకే వరసలో పెట్టే లంగర్ని మతం పేరు మీద నడుస్తోందన్న కారణంతో మనం తక్కువ చేయనక్కర్లేదు. కాని రెండు గడపలూ ఒకటి కావు. కూలి పెరిగితే డబ్బు గడప దాటొచ్చు. పుట్టుక గడప దాటడానికి మార్గమే పెట్టలేదు.

గడప మళ్ళీ లేస్తోంది

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. 2006లో అచ్చయిన, 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన ఒక సర్వేలో దాదాపు మూడో వంతు గ్రామాల్లో టీ కొట్ల దగ్గర, హోటళ్ళ దగ్గర దళితులకి వేరే గ్లాసులో, వేరే చోటో ఉన్నట్టు తేలింది. రెండు గ్లాసుల పద్ధతి మన తెలుగు పల్లెలకీ తెలిసిందే. నేరమని చట్టం చెప్పిన యాభై ఏళ్ళకి అది పరిస్థితి.

చదువుకున్న చోట్ల రూపం మారింది. 2018 డిసెంబరులో మద్రాసు ఐఐటీ మెస్సులో శాకాహారులకి వేరే ద్వారం, చేతులు కడుక్కోవడానికి వేరే కుళాయి అని కాగితాలు అంటించారు. గొడవయ్యాక తీసేశారు. 2023లో బొంబాయి ఐఐటీలో శాకాహారులకే కేటాయించిన బల్లల మీద నిరసనగా మాంసం తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. ఎవరికి ఇష్టమైంది వాళ్ళు తినడంలో తప్పు లేదు. మాంసం గరిటె పప్పులో పెట్టకండి అని అడగడం కూడా న్యాయమే, అది గిన్నె గురించిన ప్రశ్న. ద్వారం, కుళాయి, బల్ల వేరు కావాలంటే మాత్రం అది మనిషి గురించిన ప్రశ్న అయిపోతుంది.

2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళు యజమానుల పేర్లు బయట రాయాలని ఉత్తర్వులిచ్చారు. పేరు చూస్తే మతం తెలుస్తుంది, చాలాచోట్ల కులం కూడా తెలుస్తుంది. జులై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో రాయమనొచ్చు గాని, యజమాని పేరో పనివాళ్ళ పేర్లో రాయమని బలవంతం చేయకూడదంది. 1955 జూన్ 1న అమల్లోకి వచ్చిన రెండు చట్టాల సారం ఇదే. ఏం వండావో చెప్పు. నువ్వెవరో చెప్పనక్కర్లేదు.

మిత్రులారా, తిన్నంత పెట్టే భోజనం గిట్టుబాటా కాదా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇది. తిండి పరిమాణంలో మీకు పెద్దగా కలిసొచ్చేది లేదు, హోటల్ వాడికి పోయేదీ లేదు. పక్క కుర్చీలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు కూర్చుని, అదే బక్కెట్టులోని సాంబారు పోయించుకుంటున్నాడు చూడండి, మన తాతల కాలంలో ఏ రూకకీ దొరకనిది అదే. దాన్ని సంపాదించడానికి జనం వెలి పడ్డారు, జైలుకెళ్ళారు. హోటల్ బోర్డు మీద వంటకాల పేర్లు, ధరలు, తనిఖీ ముద్ర ఉంటే చదివి లోపలికి వెళ్ళండి. వండేవాడి పుట్టుకో, తినేవాడి పుట్టుకో రాసి ఉంటే ఆ మాట ఎందుకు రాశారని కౌంటర్ దగ్గర నిలబడి అడగండి.